నీటి మొక్కకు ఆకు చూసి పేరు పెట్టొద్దు

చెరువు గట్టు వారగా, మోకాలి లోతు నీళ్ళలో ఒక మొక్క. నీటి పైకి లేచి నిలబడ్డ ఆకులు అచ్చం బాణం ములికిలా ఉన్నాయి. అదే మొదలు నుంచి వచ్చిన మరో రెండాకులు కోలగా, నున్నగా నీటి మీద పరుచుకుని తేలుతున్నాయి. ఇంకాస్త వంగి లోపలికి చూస్తే రిబ్బన్లలా పలచగా, పొడుగ్గా ఉన్న ఆకులు నీటి కదలికకు ఊగుతున్నాయి. ఆ మూడు రకాల ఆకుల్నీ కోసి ముగ్గురికి విడివిడిగా చూపిస్తే ముగ్గురూ మూడు పేర్లు చెప్పే అవకాశమే ఎక్కువ. వాళ్ళకు మొక్కల సంగతి బాగా తెలిసి ఉండొచ్చు కూడా. ఆకు చూసి పేరు చెప్పే అలవాటు నేల మీద పనిచేసినంత బాగా నీళ్ళలో పనిచేయదు.

ఈ మొక్క సాజిటేరియా. లాటిన్‌లో సాజిట్టా అంటే బాణం. పేరే ఆకును బట్టి వచ్చింది, తీరా చూస్తే ఆ ఆకునే నమ్మడం కష్టం. లోతు ఎక్కువై, నీరు జోరుగా పారే చోట ఈ మొక్క బాణం ఆకు ఒక్కటి కూడా వేయకుండా రిబ్బన్ ఆకులతోనే బతికేస్తుంది. అలాంటి మొక్కల్ని చూసిన వృక్షశాస్త్రవేత్తలు వాటిని వాలిస్నేరియా అనే మరో నీటి మొక్కతో పోల్చి, 'వాలిస్నేరియా ఆకులది' అనే అర్థం వచ్చేలా వాటికి విడిగా ఒక పేరు కూడా పెట్టారు. నిజానికి అది అదే మొక్క లోతు నీళ్ళలో వేసుకున్న వేషం.

అందుకే తడి నేలల్లో, లోతు తక్కువ నీళ్ళలో పూసే అడవి మొక్కను గుర్తుపట్టాలంటే చూసే వరుస మార్చుకోవాలి. ముందు పువ్వు, తర్వాత కాయ, ఆ తర్వాత ఈనెలు, కాడ, మొదలు. ఆకు ఆకారం అన్నిటికన్నా చివర. ఆకు ఆకారం అబద్ధం చెబుతుందని కాదు. అది చెప్పేదంతా ఎక్కువగా నీటి గురించే ఉంటుంది: ఎంత లోతుంది, ఎంత వేగంగా పారుతోంది, మట్టం ఈమధ్య పెరిగిందా తగ్గిందా అని. మొక్క ఏ కుటుంబానిదో తేలాలంటే పువ్వు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఆకు ఎందుకు మారుతుంది

దీనికి కారణం తెలిస్తే గుర్తుపట్టే పద్ధతి దానంతటదే అర్థమవుతుంది. గాలితో పోలిస్తే నీటిలో కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ లాంటి వాయువులు దాదాపు 10 వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. వెలుతురు కూడా లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. మునిగి ఉన్న ఆకు ఈ రెంటికీ తట్టుకోవాలి. అందుకే అది కొద్ది కణాల మందంతో పలచగా ఉంటుంది, పైన మైనపు పూత లేనట్టే ఉంటుంది. పత్రరంధ్రాల అవసరం దాదాపు లేదు, ఒళ్ళంతా నేరుగా నీటి నుంచే పీల్చుకుంటుంది. రిబ్బన్‌లా సన్నగా ఉంటే పారే నీటికి చిరిగిపోదు కూడా. కొన్ని మొక్కల్లో ఇదే పని కోసం మునిగిన ఆకు దారాలు దారాలుగా చీలిపోతుంది. నీటి బటర్‌కప్ పూలు పూసే కొన్ని రనన్‌క్యులస్ జాతుల్లో, లిమ్నోఫిలాలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పైన ఉన్న ఆకుకు, కింద ఉన్న ఆకుకు ఏ పోలికా ఉండదు.

తేలే ఆకు సంగతి వేరు. దాని అడుగు భాగం నీటికి అతుక్కుని ఉంటుంది, పైభాగం ఎండకు, గాలికి ఎదురుగా ఉంటుంది. పత్రరంధ్రాలు పైవైపే ఉంటాయి, మైనపు పూత కూడా పైవైపే. నీటి పైకి లేచిన మూడో ఆకు మామూలు నేల మొక్క ఆకులాంటిదే, తన బరువు తానే మోసుకోవాలి కాబట్టి కాడ గట్టిగా ఉంటుంది.

ఏ ఆకు వేయాలో మొక్కలోని హార్మోన్లు తేలుస్తాయి. మునిగిన భాగాల నుంచి ఎథిలీన్ వాయువు బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది, దాంతో కాడలు సాగుతాయి. అబ్సిసిక్ ఆమ్లం అనే మరో హార్మోన్ ప్రభావం దీనికి భిన్నం. కొన్ని నీటి మొక్కలకు ప్రయోగశాలలో దాన్ని ఇచ్చినప్పుడు, నీటి లోపల ఉంటూనే, గాలిలో వేయాల్సిన తరహా ఆకులు వేశాయి. అంటే ఆకు ఆకారం పూర్తిగా జన్మతో రాసిపెట్టి ఉండదు, ఆ వారం ఆ మొక్క ఎక్కడ నిలబడిందన్న దాన్ని బట్టి చాలా వరకు మారిపోతుంది.

పువ్వుకు ఈ గొడవ లేదు. హైడ్రిల్లా, వాలిస్నేరియా లాంటి కొన్నిటిని పక్కన పెడితే, కంటికి ఇంపుగా పూసే నీటి మొక్కల్లో చాలావాటికి పురుగులే దిక్కు. తేనెటీగ, ఈగ వచ్చి వాలాలంటే పువ్వు నీటి పైన, గాలిలోనే విచ్చుకోవాలి. నీటి లోతు ఎంతైనా పువ్వు బతికేది మాత్రం ఒకే లోకంలో. కాబట్టి దాని నిర్మాణం లోతును బట్టి మారదు. పేరు తేల్చేటప్పుడు పువ్వుకు పెద్దపీట వేయడానికి కారణం ఇదే.

మూడు రేకుల లెక్క

సాజిటేరియా పువ్వును చేతికందినంత దగ్గర్నుంచి చూడాలి. తెల్లటి రేకులు మూడు, ముడతలు పడిన పలచని గుడ్డలా ఉంటాయి, వేలు తగిలితే రాలిపోయేంత సుకుమారం. వాటి వెనక పచ్చటి రక్షక పత్రాలు మూడు. కాడ మీద పువ్వులు కూడా మూడేసి చొప్పున ఒక్కో కణుపు దగ్గర చుట్టూ వస్తాయి. ఇప్పుడు అదే కాడ మీద కింది పువ్వును, పై పువ్వును పోల్చి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. కింది పువ్వు నడుమ పచ్చటి గుండ్రటి బంతి ఉంటుంది, చిన్న చిన్న గింజలు గుదిగుచ్చినట్టు. అవన్నీ ఫలదళాలు, ఆ పువ్వు ఆడది. పై పువ్వు నడుమ బంతి ఉండదు, బోలెడన్ని కేసరాలు గుంపుగా నిలబడి ఉంటాయి, అది మగది. ఒకే కాడ మీద కింద ఆడ, పైన మగ, రేకులు మూడు, కోసిన కాడ నుంచి పాలు. ఇవన్నీ కలిసి కనిపిస్తే ఆకు ఏ ఆకారంలో ఉన్నా సాజిటేరియా అనే అనుకోవచ్చు.

జాతి తేల్చడానికి ఇంకో అడుగు వేయాలి. యూరప్, ఉత్తర ఆసియాల్లో పెరిగే సాజిటేరియా సాజిటిఫోలియా రేకుల మొదట్లో ఊదారంగు మచ్చ ఉంటుంది, పరాగకోశాలూ ఊదాగానే ఉంటాయి. ఆసియాలో విస్తారంగా ఉండే సాజిటేరియా ట్రైఫోలియా, అమెరికా ఖండాల సాజిటేరియా లాటిఫోలియా రేకులు మచ్చ లేకుండా పూర్తిగా తెలుపు, పరాగకోశాలు పసుపు. ఇంత తేలికైన గుర్తు ఉండి కూడా ఆసియా మొక్కల్ని పాత గ్రంథాల్లో చాలాకాలం సాజిటిఫోలియా పేరుతోనే రాశారు. బాణం ఆకు కనబడగానే చూపు అక్కడే ఆగిపోయింది కాబోలు.

మూడు తెల్ల రేకులు కనిపించిన ప్రతి మొక్కా సాజిటేరియా కాదు. అలిస్మా పువ్వుకూ మూడే రేకులు, తెల్లగా గానీ లేత ఊదాగా గానీ, మొదట్లో కాస్త పసుపుతో. కానీ ప్రతి పువ్వులోనూ ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, కేసరాలు కచ్చితంగా ఆరు. 10 రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం పట్టుకుని నడుమ భాగం చూస్తే ఫలదళాలు బంతిలా పోగుపడి ఉండవు, ఒకే వలయంలో పక్కపక్కనే బిళ్ళలా అమరి ఉంటాయి. బంతా, వలయమా అన్న ఈ ఒక్క ప్రశ్న చాలా గందరగోళాన్ని తప్పిస్తుంది. కాయ ముదిరాక కూడా ఈ తేడా అలాగే నిలిచి ఉంటుంది కాబట్టి పూలు రాలిపోయిన తర్వాతా ఉపయోగపడుతుంది. అలిస్మాతో ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. దాని సాధారణ జాతి అలిస్మా ప్లాంటాగో-అక్వాటికా మధ్యాహ్నం దాటాక గానీ రేకులు విప్పదు. పొద్దున్నే వెళ్ళినవాళ్ళకు మొగ్గలే కనిపిస్తాయి. పూత లేదని రాసుకుని వచ్చేస్తారు. దగ్గరి బంధువైన అలిస్మా లాన్సియోలాటం మాత్రం ఉదయమే విచ్చుకుంటుంది. పువ్వు చూసిన టైమ్ కూడా ఒక ఆధారమే.

ఇదే వరుసలో బ్యూటోమస్ అంబెల్లాటస్ అన్నిటికన్నా అందమైనదని చెప్పాలి. మనిషి నడుము ఎత్తుకు, ఒక్కోసారి ఇంకా పైకి లేచిన నున్నటి కాడ చివర, గొడుగు ఊచల్లా అన్నీ ఒకే చోట నుంచి విచ్చుకున్న గులాబీ రంగు పువ్వులు. ఇక్కడ రక్షక పత్రాలు కూడా రేకుల్లాగే రంగు తేలి ఉంటాయి, అందుకని చూడగానే ఆరు రేకులనిపిస్తుంది. పరీక్షగా చూస్తే బయటి మూడు కాస్త చిన్నవి, వెనకవైపు ముదురు. కేసరాలు తొమ్మిది, నడుమ ఫలదళాలు ఆరు. తొమ్మిది కేసరాలున్న పువ్వులు చాలా అరుదు. ఆ లెక్క కుదిరిందంటే ఇక సందేహం అక్కర్లేదు. పువ్వు లేనప్పుడు ఆకు అడ్డంగా కోసి చూస్తే మొదట్లో మూడు పలకలుగా ఉంటుంది. గ్రీకులో ఈ పేరుకు ఎద్దును కోసేది అని అర్థం, ఆకు అంచులు మేసే పశువుల నోరు కోస్తాయని అలా పిలిచారు.

ఇక్కడ చరిత్రలో ఒక మాట చెప్పుకోవాలి. 1753 నాటి తన పుస్తకంలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ మొక్కల్ని కేసరాల లెక్క ప్రకారం తరగతులుగా అమర్చినప్పుడు అలిస్మా ఆరు కేసరాల తరగతిలోకి, బ్యూటోమస్ తొమ్మిది కేసరాల తరగతిలోకి వెళ్ళిపోయాయి. ఆడ, మగ పువ్వులు వేరుగా ఉన్నాయని సాజిటేరియా మూడో చోటికి చేరింది. ఒకే గుంపుకు చెందిన మూడు మొక్కలు మూడు దిక్కులయ్యాయి. ఈ రోజు అవి మూడూ అలిస్మటేలిస్ అనే ఒకే క్రమంలో ఉన్నాయి. లినేయస్ లెక్క తప్పు కాదు, మొక్కను గుర్తించడానికి ఇప్పటికీ అంత పదునైన పనిముట్టు లేదు. చుట్టరికం తేల్చడానికి మాత్రం లెక్క ఒక్కటే చాలదు. ఈ రెండు పనులూ వేరు. పొలంలో నిలబడి పేరు వెతికేవారికి కావలసింది మొదటిదే.

పువ్వు దొరకనప్పుడు ఈనెలు

పూత కాలం దాటిపోయి ఆకులు మాత్రమే మిగిలితే ఏం చేయాలి? ఆకు అంచు గీతను వదిలేసి లోపలి ఈనెల్ని చూడాలి. ఆకారం ఎంత మారినా ఈనెల అల్లిక అంత తేలిగ్గా మారదు. ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో ఒకే చోట పెరిగే మూడు మొక్కలు దీనికి చక్కటి ఉదాహరణ. సాజిటేరియా లాటిఫోలియా, పెల్టాండ్రా వర్జినికా, పాంటెడేరియా కార్డేటా. మూడిటి ఆకులూ బాణంలానో గుండెలానో ఉంటాయి. దూరం నుంచి చూస్తే తేడా పట్టడం కష్టం.

ఆకును ఆకాశం వైపు ఎత్తి వెలుతురులో చూస్తే మూడూ విడిపోతాయి. సాజిటేరియాలో కాడ ఆకును తాకే చోటు నుంచే ముఖ్యమైన ఈనెలన్నీ బయల్దేరి, కొన్ని ముందుకొనకు, కొన్ని వెనక రెండు చెవుల్లోకి పంజాలా వెళతాయి. పెల్టాండ్రాలో నడుమ ఒక లావుపాటి ఈనె, దాని నుంచి ఈకలా పక్క ఈనెలు, ఆకు అంచుకు కాస్త లోపలగా అంచు వెంటే చుట్టూ తిరిగే మరో ఈనె. పాంటెడేరియాలో నడిమి ఈనె అంటూ కొట్టొచ్చినట్టు కనబడదు, సన్నటి సమానమైన ఈనెలు దువ్వినట్టు వంపు తిరిగి కొనకు చేరతాయి. పెల్టాండ్రా చేమ కుటుంబానిది, పూసినప్పుడు దాన్ని తక్కిన రెంటితో ఎవరూ పొరబడరు. పూయనప్పుడు కాపాడేది ఈ ఈనెలే.

వాసన కూడా ఇలాంటి ఆధారమే, దీన్ని చాలామంది మర్చిపోతారు. కత్తుల్లా నిటారుగా నిలబడ్డ ఆకుల గుంపు కనిపిస్తే అది వస కావచ్చు, పసుపు పూల ఐరిస్ కావచ్చు. ఆకు ముక్క నలిపి చూస్తే వస ఘాటుగా, కమ్మగా వాసనేస్తుంది, నడిమి ఈనె సరిగ్గా మధ్యలో కాకుండా ఓ పక్కకు జరిగి ఉంటుంది. ఐరిస్‌కు ఆ వాసన లేదు, ఆకులు మొదట్లో విసనకర్రలా ఒకదాన్నొకటి పొదువుకుని ఉంటాయి. ఈ పోలిక ఎంత పాతదంటే, ఆ ఐరిస్ శాస్త్రీయ నామమే 'సూడకోరస్', అంటే దొంగ వస అని. వస పువ్వు వేలంత కంకి, ఐరిస్ పువ్వు పెద్దగా, పసుపు పచ్చగా ఉంటుంది కాబట్టి పూసిన రోజు ఈ తగాదా ఉండదు.

నీలం పువ్వుల చిక్కు

నీలం, ఊదా పువ్వులతో నీళ్ళలో కనిపించే మొక్కను అడగ్గానే గుర్రపుడెక్క అనేస్తారు. ఆకు కాడ బుడగలా ఉబ్బి ఉంటే సరేనంటారు, లేకపోతే ఇది వేరేదంటారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. గుర్రపుడెక్క కాడ బుడగలా ఉబ్బేది చోటు బాగా ఉండి, విడిగా తేలుతున్నప్పుడు. కిక్కిరిసి పెరిగిన చోట, అంచున బురదలో వేళ్ళు దిగిన చోట అదే మొక్క కాడలు సన్నగా పొడుగ్గా సాగిపోతాయి, ఉబ్బు కనిపించదు. పువ్వు మాత్రం ఎక్కడైనా ఒకటే. ఆరు లేత ఊదా రేకులు, వాటిలో పైదాని మీద ముదురు మరక, ఆ మరక నడుమ నెమలి కన్నులా పసుపు చుక్క. ఆ చుక్క కనబడితే కాడ చూడనక్కర్లేదు.

మోనోకోరియా వజైనాలిస్ దానికన్నా చిన్నది, వరి మళ్ళలోనూ చిత్తడిలోనూ మొలుస్తుంది. దాని మొలక ఆకులు గడ్డిపోచల్లా సన్నగా ఉండి వరి నారులో కలిసిపోతాయి, తర్వాతే గుండె ఆకారపు ఆకులు వస్తాయి. పూలగుత్తి ఆకు కాడ మధ్యలోంచే పుట్టుకొచ్చినట్టుంటుంది, నిజానికి అక్కడున్న తొడుగులోంచి వస్తుంది. వజైనాలిస్ అనే మాటకు తొడుగు ఉన్నది అనే అర్థం. పువ్వు లోపల భూతద్దంతో చూస్తే ఆరు కేసరాల్లో ఐదు చిన్నవి, పసుపువి. ఒక్కటే పెద్దది, నీలం, దాని కాడకు పక్కన చిన్న పన్ను పొడుచుకుని ఉంటుంది. పసుపు చుక్క రేకు మీద ఉండదు. ఒక్క కేసరం తేడాగా ఉండటమే దీని వేలిముద్ర.

మూడోది పైన చెప్పిన పాంటెడేరియా కార్డేటా. వందల చిన్న పువ్వులు దగ్గరగా గుచ్చిన కంకి, ఒక్కో పువ్వు పై రేకు మీద పసుపు మచ్చ రెండు పాయలుగా ఉంటుంది. కాయలో ఒకే గింజ. మోనోకోరియా కాయలో గింజలు బోలెడు.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త అవసరం. చాలాకాలం గుర్రపుడెక్కను ఐకోర్నియా క్రాసిపెస్ అన్నారు. 2018లో వచ్చిన పునర్వర్గీకరణ దాన్ని పాంటెడేరియాలో కలిపింది, మోనోకోరియాను కూడా అందులోనే చేర్చింది. అందువల్ల ఒక పుస్తకంలో ఐకోర్నియా, ఇంకో చోట పాంటెడేరియా కనిపిస్తే అవి రెండు మొక్కలనుకోకూడదు. పేరు మారినా పసుపు చుక్క మారదు.

తామర, కలువ, మరొకటి

తామరకు సూర్యుడు, కలువకు చంద్రుడు అని కావ్యాలు చెబుతాయి. కలువల్లో పగలు పూసేవీ చాలా ఉన్నాయి కాబట్టి ఈ గుర్తుతో పని జరగదు. రాత్రి విచ్చుకునే కలువల్లో చాలావాటి ఆకుల అంచులకు రంపం పళ్ళలాంటి పదునైన కొనలు ఉంటాయన్నది మాత్రం పనికొచ్చే గుర్తు.

తామరను, కలువను విడదీయడానికి ఆకు చీలిక చాలు. కలువ ఆకు అంచు నుంచి కాడ దాకా చీలి ఉంటుంది. తామర ఆకు పూర్తి వృత్తం, కాడ దాని అడుగున నడుమ అతుక్కుని గొడుగులా ఉంటుంది. తామర లేత ఆకులు మొదట్లో నీటి మీద తేలుతూ కలువాకుల్లా భ్రమ పెడతాయి, కానీ వాటికీ చీలిక ఉండదు. ఆకు విషయంలో ఇంత నమ్మకంగా చెప్పగలిగే సందర్భాలు నీటి మొక్కల్లో తక్కువ, ఇది వాటిలో ఒకటి. ఇక పువ్వు నడుమ చూస్తే తామరలో గింజలు పొదిగిన జల్లెడ లాంటి దిమ్మె కనిపిస్తుంది. ఇంత పోలికున్నా వీటి మధ్య చుట్టరికం చాలా దూరం. డీఎన్‌ఏ ఆధారాల ప్రకారం కలువలు పూల మొక్కల వంశవృక్షంలో అతి మొదట్లో విడిపోయిన కొమ్మ. తామర ప్లేన్ చెట్లు, మకడామియా చెట్లు ఉన్న ప్రోటియేలిస్ క్రమంలోకి వస్తుంది. నీటిలో బతకడం రెంటినీ ఒకేలా తీర్చిదిద్దింది.

మూడోది నింఫాయిడిస్. ఆకు అచ్చం పిల్ల కలువాకు, చీలికతో సహా. పువ్వు చూస్తే కలువతో ఏ సంబంధమూ లేదు. కలువకు రేకులు చాలా, దీనికి సాధారణంగా ఐదే. నింఫాయిడిస్ ఇండికా తెల్లటి రేకుల మీద దూది అతికించినట్టు నూగు నిండా ఉంటుంది, నడుమ పసుపు. నింఫాయిడిస్ క్రిస్టేటా రేకు మీద నూగు బదులు నిలువునా ఒక మడత, కోడిజుట్టులా లేచి ఉంటుంది. నింఫాయిడిస్ పెల్టాటా పసుపు, అంచులు కుచ్చులు. పువ్వు ఒక్కరోజే ఉంటుంది. ఈ తెల్ల పువ్వుల జాతుల్లో ఇంకో వింత, పూలగుత్తి ఆకు కిందే, ఆకు కాడ నుంచి పుట్టినట్టుంటుంది. ఆకు కాడ అనుకున్నది నిజానికి చాలా భాగం కాండమే. కలువలో పువ్వు కాడ, ఆకు కాడ రెండూ విడివిడిగా అడుగున ఉన్న దుంప నుంచి వస్తాయి. నీళ్ళలో చెయ్యి పెట్టి కాడ వెంట కిందికి తడిమితే ఈ తేడా వేళ్ళకే తెలుస్తుంది.

పసుపు పువ్వుల్లో కాల్తా, లుడ్విజియాలను ఒకసారి తలుచుకుంటే చాలు. కాల్తా పాలుస్ట్రిస్ పువ్వులో మెరిసే పసుపు భాగాలు రేకులు కావు, రక్షక పత్రాలు. దానికి రేకులే లేవు. లుడ్విజియా పువ్వు పొడుగాటి కాడ మీద ఉన్నట్టుంటుంది, ఆ కాడ చాలా వరకు అండాశయమే, తర్వాత అదే కాయ అవుతుంది. ముందు నుంచి మాత్రమే ఫోటో తీస్తే ఈ రెండు గుర్తులూ పోతాయి.

రుచి చూసి గుర్తుపట్టకూడదు

తెల్లటి చిన్న పూలు గొడుగులా విచ్చుకుని, ఆకులు కొత్తిమీరలానో సెలెరీలానో ఉన్న మొక్క తడి నేలలో కనిపిస్తే చేతులు కట్టుకుని చూడటమే మంచిది. ఆ కుటుంబంలో సికూటా, ఈనాంథి క్రోకాటా లాంటి ప్రాణాంతకమైన మొక్కలు ఉన్నాయి. వాటిలోని విషాలు నాడీ వ్యవస్థ మీద పనిచేసి ఫిట్స్ తెప్పిస్తాయి, దుంప కొద్దిగా తిన్నా మనిషి చనిపోవచ్చు. సికూటా దుంప నిలువునా కోస్తే లోపల గదులు గదులుగా ఉంటుందని చెబుతారు. అది నిజమే, కానీ ఆ గదులు కనిపించలేదని మొక్క సురక్షితమనుకోవడం ప్రమాదం. లేత మొక్కల్లో అవి స్పష్టంగా ఉండకపోవచ్చు. దొంగ వస అనిపించుకున్న ఐరిస్ దుంప కూడా విషమే. వాసన చూడటం వరకు సరే, ఏ ఆకునూ, దుంపనూ నాలుక మీద పెట్టి పేరు తేల్చే ప్రయత్నం చేయకూడదు.

ఫోటోలో ఏం ఉండాలి

ఫోన్ యాప్‌లు ఇప్పుడు చాలా సాయం చేస్తున్నాయి, వాటిని కాదనాల్సిన పని లేదు. అవి మనం ఇచ్చిన బొమ్మలో ఉన్నదాన్ని బట్టే చెప్పగలవు. పై నుంచి తీసిన ఒక తేలే ఆకు ఫోటో ఇస్తే, ఆ ఆకారం ఎక్కువగా ఏ మొక్కకు ఉంటుందో ఆ పేరు చెబుతాయి. ముగ్గురికి మూడు ఆకులు చూపించిన కథే మళ్ళీ జరుగుతుంది. కేసరాల లెక్క, ఫలదళాల అమరిక, కాడ అడ్డకోత ఫోటోలో లేకపోతే మనిషైనా యంత్రమైనా ఊహించాల్సిందే.

మొక్క మొత్తం, నీటి మట్టంతో సహా, ఒక ఫోటో. పువ్వు ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి. ఒకే కాడ మీద కింది పువ్వు, పై పువ్వు విడివిడిగా. ఆకును వెలుతురుకు ఎత్తి ఈనెలు కనిపించేలా ఒకటి, అడుగువైపు ఒకటి. కాయ ఉంటే తప్పకుండా. పక్కన స్కేలు గానీ వేలు గానీ ఉంటే కొలత తెలుస్తుంది. తేదీ, టైమ్, నీటి లోతు రాసుకోవాలి. మునిగిన ఆకుల్ని పైకి తీస్తే తడిసిన జుట్టులా ముద్దగా అతుక్కుపోతాయి, ఫోటోలో ఏమీ తెలియదు. తెల్లటి పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి అందులో వదిలితే మళ్ళీ విప్పుకుంటాయి, సన్నటి పాయలు కూడా లెక్కపెట్టొచ్చు.

మొక్కను పీకడం అక్కర్లేదు. ఒక పువ్వు, ఒక ఆకు చాలు, అరుదైనదనిపిస్తే అవీ వద్దు. పీకడం వల్ల రెండో నష్టం కూడా ఉంది. బ్యూటోమస్ దుంప మీద చిన్న చిన్న మొలకదుంపలు ఉంటాయి, తేలిగ్గా ఊడి నీటిలో కొట్టుకుపోతాయి. యూరప్, ఆసియాలకు చెందిన ఆ మొక్క 1897లో సెయింట్ లారెన్స్ నది ఒడ్డున కనిపించింది. అక్కణ్ణుంచి ఉత్తర అమెరికాలోని చాలా చెరువులకు, నదులకు పాకింది. చాలా చోట్ల గింజ కన్నా ముక్కల ద్వారానే వ్యాపించింది. ఒక చెరువులో దిగిన చెప్పులు, పళ్ళెం కడిగి గానీ మరో చెరువులో దిగకూడదు.

ఇన్ని చూశాక కూడా పేరు ప్రజాతి దగ్గరే ఆగిపోవచ్చు. సాజిటేరియా అని రాసి, జాతి చోటు ఖాళీగా వదిలేయడంలో తప్పేమీ లేదు. ఊహించి రాసిన జాతి పేరు కన్నా ఆ ఖాళీ ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్ళకు ఏం చూడాలో అది చెబుతుంది. ఉత్తర అమెరికాలో సాజిటేరియా లాటిఫోలియా, సాజిటేరియా క్యూనియాటా పువ్వుల్లో దాదాపు ఒకేలా ఉంటాయి. ఆకులు రెంటిలోనూ బాణాలే, రెంటిలోనూ లోతును బట్టి మారేవే. పూత అయిపోయాక, రేకులు రాలి పచ్చటి బంతులు ముదిరాక మళ్ళీ ఒకసారి అదే చోటికి వెళ్ళాలి. బంతిని వేళ్ళ మధ్య నలిపితే 3 మిల్లీమీటర్ల చదును గింజలు అరచేతిలో రాలతాయి. ఒక్కో గింజకు ఒక చిన్న ముక్కు. ఆ ముక్కు పొడుగ్గా, పక్కకు అడ్డంగా పొడుచుకుని ఉంటే లాటిఫోలియా. కనబడీ కనబడనంత చిన్నగా, నిటారుగా ఉంటే క్యూనియాటా.